బండవేషంతో బడికి

మొన్న ఐరాల దగ్గరి ఒక పల్లెలో, ఈనలేక అవస్థ పడుతున్న ఆవుకు పురుడు పోసి, చేతులు కడుక్కుందామని ఆ ఇంటి పెరట్లోకి వెళ్ళాను. నీళ్ళతొట్టి గట్టుమీద చిన్న ఇత్తడి గిన్నెలో ఎవరో కొబ్బరినూనెలో కుంకుమ రంగరించి పెట్టారు. మరునాడు ఊళ్ళో గంగజాతరట, గుడి ముందరి రాతికి పూయడానికట. చేతులు సబ్బుతో తోముకుంటూనే ఉన్నాను గానీ ముక్కు మాత్రం ఆ గిన్నె దగ్గరే ఉండిపోయింది. కొంచెం తీపిగా, కొంచెం ఘాటుగా, ఎండకు కాగిన నూనె కమురుతో కలిసిన ఆ వాసన లోపలికి పోగానే, నెరిసిన మీసాల పశువైద్యుడినైన నేను, ముఖం నుంచి అరికాళ్ళ దాకా ఎర్రగా పూసుకుని, వేపమండ చేతబట్టుకుని, తిరుపతి వీధుల్లో లోకాన్నంతా తిడుతూ తిరిగిన పన్నెండేళ్ళ పిల్లాణ్ణయిపోయాను.

మా ఇల్లు తాతయ్యగుంట గంగమ్మ గుడికి కూతవేటు దూరంలో ఉండేది. నాయనకు పూజసామాన్ల అంగడి. పసుపు, కుంకుమ, కర్పూరం, సాంబ్రాణి, ఒత్తులు, గంధపు చెక్కలు, వీటి మధ్య పొద్దున్నించి రాత్రి దాకా కూర్చుని కూర్చుని ఆయన చొక్కాలకే కాదు, మాటలకు కూడా ఒక మెత్తటి పరిమళం పట్టింది. ఎవరేమడిగినా "అట్లే అప్పా" అనేవాడు. బేరమాడే వాళ్ళకూ అదే, గదమాయించే వాళ్ళకూ అదే. నాయన నోటి వెంట కాదన్న మాట విన్నవాళ్ళు మా వీధిలో ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

ఎండాకాలం వస్తే కొండరాళ్ళు పగలంతా కాగి కాగి సాయంత్రానికి ఆ వేడినంతా ఊరిమీదికి వదిలేవి. మిద్దెమీద బిందెడు నీళ్ళు గుమ్మరిస్తే చుయ్యిమని ఆవిరి లేచేది. మేము పిల్లలం బడులు మూసీ మూయకముందే వీధులకెక్కి, బొంగరాలతో రోడ్డు తారుకు గుంటలు పొడిచి, బెంగుళూర మామిడికాయల్ని గోడకు కొట్టి పగలగొట్టి ఉప్పుకారం అద్దుకుని, పళ్ళు పులిసిపోయి రాత్రి అన్నం నమల్లేక పెద్దవాళ్ళ చేత తిట్లు తినేవాళ్ళం. ముంజెలు తెచ్చే ముసలాయన సైకిలు గంట, నీళ్ళ ట్యాంకరు హారను, గుళ్ళో డప్పుల శబ్దం, ఈ మూడింటికీ మేము ఒకే వేగంతో పరిగెత్తేవాళ్ళం.

జాతర అంటే మా వీధికి మిగతా పండుగలన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. మే నెలలో ఒక మంగళవారం చాటింపు వేసేవాళ్ళు. ఇక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళెవరూ పొలిమేర దాటి పరాయి ఊళ్ళో రాత్రి పడుకోకూడదు. ఆడవాళ్ళను చెరపట్టే పాలెగాడొకడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, వాణ్ణి బయటికి లాగడానికి ఆ తల్లి రోజుకో వేషం కట్టి, వీధి వీధీ తిరిగి నోటికొచ్చినట్టు తిట్టిందట. అందుకే జనమూ వేషాలు కడతారు. ఒకరోజు ఒళ్ళంతా తెల్లసుద్ద, ఒకరోజు బొగ్గుపొడి, ఒకరోజు గంధం, ఒకరోజు మీసాలున్న మొగవాళ్ళే చీరె కట్టి పూలు పెట్టుకుని జడ ఊపుకుంటూ రావడం. గడప గడపకూ అంబలి కుండ పెట్టి, దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి, చెంబుల కొద్దీ పోసి, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ చేతిలో పెట్టేవాళ్ళు. ఆ అంబలి చల్లదనం గొంతులోంచి కడుపులోకి దిగడం వేలితో చూపించగలిగినంత స్పష్టంగా తెలిసేది.

అన్నిటికన్నా నాకిష్టం గురువారం వచ్చే బండవేషం. ఒళ్ళంతా కుంకుమ, దానిమీద కాటుక చుక్కలు, మొలకు వేపమండలు. ఆ రోజు ఆ వేషంలో ఉన్నవాడు ఎవర్ని తిట్టినా ఎదుటివాళ్ళు తిరిగి ఒక్క మాట అనకూడదు. ఆ తిట్టు తగిలితే దిష్టి పోతుందని మా వీధి నమ్మకం. పెద్దవాళ్ళ తిట్లు చెవులు మూసుకునేలా ఉండేవి. పిల్లల కోసం మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, తనే తిట్లు కట్టి నేర్పేది. ముక్కుపొడుం పీలుస్తూ, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క అంగడికీ ఒక్కొక్కటి అల్లేది. టైలరుకు "నీ సూది గడ్డివాములో బడిపోనూ", కిరాణా ఆయనకు "నీ తాళంచెవి తాటిచెట్టెక్కనూ", మా బళ్ళో అయ్యవారికి "నీ కుర్చీకి చెద బట్టనూ". "గట్టిగా అనల్ల అబ్బయా, గొంతులో బెట్టుకుంటే అది తిట్టు గాదు, దగ్గు" అనేది.

నాకు ఆ వేషం ఆట మాత్రమే కాదు. నా మూడో ఏట అమ్మవారు పోసి, ఒళ్ళంతా పొక్కులై, కళ్ళు తెరవలేక పడి ఉన్నప్పుడు, అమ్మ గుడి ముందర తడిచీరెతో నిలబడి, బిడ్డ బతికితే మీసాలొచ్చేదాకా ఏటా బండవేషం కట్టిస్తానని మొక్కుకుందట. వేషం ఇంట్లో కట్టాలి, గుడి చుట్టూ తిరగాలి, మళ్ళీ మా గడపలోనే అమ్మ చేతి నీళ్ళతో కడగాలి. నడిమధ్యలో కడిగితే మొక్కు తీరనట్టే. నేను బతికి ఉండటానికీ, ఆ ఎర్రటి నూనె ఒంటికి అంటుకోవడానికీ ఏదో సంబంధం ఉందని నేను నిజంగా నమ్మేవాణ్ణి.

ఏడో తరగతి అయిన ఏడు, వేసవి మొదలవడంతోనే మా ఇంట్లో రెండు టైల గొడవ మొదలైంది. ఊళ్ళో పేరున్న ప్రైవేటు హైస్కూళ్ళు రెండుండేవి. వాటి అసలు పేర్లతో ఎవరికీ పనిలేదు, ఒకటి ఎర్ర టై బడి, ఒకటి నీలం టై బడి. ఎర్ర టై బడిది కిటికీలకు ఇనుపవల బిగించిన అయిదంతస్తుల మిద్దె. గోడ నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు. అందులో చదివే పిల్లలు బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు కూడా పెదవులు కదుపుతూ సూత్రాలు వల్లించేవాళ్ళు. ఎనిమిదిలోనే ఐఐటీ పాఠాలు మొదలుపెట్టేవాళ్ళు. నీలం టై బడిది రైలుకట్ట అవతల పాత పెంకుల కట్టడం. దానికి ఫోటోలు లేవు గానీ హెడ్మాస్టరు ఉన్నాడు. లెక్కలు ఆయనే చెప్పేవాడు, తప్పు చేసినవాడు అది ఒప్పయ్యేదాకా చీకటి పడినా ఇంటికి పోయేవాడు కాదు. రెంటిలో ఏదీ సుఖమైన బడి కాదు. ఎక్కడ చేరినా నా బొంగరాలు అటకెక్కడం ఖాయం. రెండుచోట్లా ప్రవేశ పరీక్షలు రాశాను, రెండింట్లోనూ నెగ్గాను. ఎర్ర టై బడిలోనైతే ముందు వరసలో వచ్చానట.

నా చదువు పెత్తనమంతా మామది. అమ్మకు అన్న, చిత్తూరులో జూనియర్ కాలేజీ లెక్చరరు. మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు, అరచేతిలో ఎప్పుడూ ఒక చేతిగుడ్డ. పల్లె నుంచి చెప్పుల్లేని కాళ్ళతో నడిచి చదువుకున్న మనిషి, అందుకని చదువు మాటెత్తితే ఆయన గొంతు గరుకెక్కేది. ఒక్కరోజు సెలవు పెట్టి రెండు బళ్ళలో ఇంటర్వ్యూలూ ముగించేద్దామని రెండింటికీ ఒకే రోజు మాట్లాడి వచ్చాడు. అది జాతర గురువారమని ఆయనకు తట్టలేదు.

జేజి ముక్కుపొడుం డబ్బీ మూత టక్కున మూసి, "బండవేషం పొద్దా? యాడికీ రాడు" అంది.

"తెల్లారే గుడికి పోయొచ్చి కడిగేసుకుంటాడు లే అత్తా. ఇంటర్వ్యూ పదికి గదా" అన్నాడు మామ. నాయన ఇద్దరివైపూ చూసి, "అట్లే బావా" అన్నాడు.

కానీ ఆ రోజు గుడి దగ్గర జనం ఎప్పుడూ లేనంతగా విరగబడ్డారు. నేను ప్రదక్షిణాలు ముగించి బయటపడేసరికి పది కావస్తోంది, ఎండ మండిపోతోంది. ఒంటిమీద కుంకుమ చెమటకు కరిగి మోకాళ్ళ దాకా చారికలు కట్టింది. గుడి వీధి మొగలో ఆటో ఆపి మామ నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో ఇస్త్రీ చొక్కా.

"ఈడ్నే మొగం కడిగేయ్ రా. ఇంటికి బోతే ఆలస్యమైపోతాది."

అమ్మ నాకూ సీసాకూ మధ్య నిలబడింది. "వీధిలో కడగమాకన్నా. మొక్కు తీరదు. బిడ్డను ఇట్నే పిల్చుకోని పోదాం, వాళ్ళు మనుసులే గదా, జెప్తే ఇంటారు." తన అన్న మాటకు అమ్మ అడ్డం చెప్పడం నేను చూడటం అదే మొదలు. మామ చొక్కాను భుజాన వేసుకుని ఆటో ఎక్కాడు, వెనకాలే నాయన, అమ్మ, నేను ఎక్కాం.

ఎర్ర టై బడి చల్లటి గదిలో సోఫాల మీద, తలలు నున్నగా దువ్వుకున్న పిల్లలు తల్లిదండ్రుల పక్కన వరుసగా కూర్చుని ఉన్నారు. నేను లోపలికి అడుగు పెట్టగానే ఆ వరుస అంతా ఒక్కసారిగా కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఎక్కడ కూర్చుంటే ఎర్రమరక అవుతుందోనని నేను నిలబడే ఉన్నాను. నా వంతు రాగానే లోపలి గదిలోకి పిలిచారు. ప్రిన్సిపాలు మా జిల్లా మనిషి కాదు, సన్నటి కళ్ళద్దాలు, శుభ్రమైన మాట. నన్ను కాదు, నా కాళ్ళ కింద తివాచీని చూశాడు.

"ఏంటండీ ఈ ఫ్యాన్సీ డ్రెస్? కుర్రాడికి మంచి మార్కులొచ్చాయని పిలిచాం. బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళి మొహం కడిగించుకుని రండి, అప్పుడు మాట్లాడదాం."

"ఇది మొక్కు సార్. ఇంటికాడ కడుగుతాం" అంది అమ్మ, చేతులు కట్టుకుని.

"నమ్మకాలు ఇంట్లో పెట్టుకోండమ్మా. ఇది పోటీ ప్రపంచం. ఇలా వీధి వేషాలతో తిరిగేవాళ్ళు ఏ ర్యాంకూ తెచ్చుకోలేరు."

నాయన మెల్లగా నా భుజం పట్టుకుని వసారా చివరనున్న కొళాయి దగ్గరికి నడిపించాడు. నేనూ నడిచాను. ఆయన మాట కాదనడం నాకూ తెలియదు. తువ్వాలు కొస తడిపి నా చెంప దగ్గరికి తెచ్చాడు. కొళాయి పైనున్న అద్దంలో మా ఇద్దరి ముఖాలూ కనిపించాయి. ఎర్రగా ఉన్న నా ముఖం కంటే, ఏ రంగూ లేని ఆయన ముఖమే ఎక్కువ సిగ్గుపడుతున్నట్టుంది. అది చూసి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"వొద్దు నాయనా."

"పెద్దాయన జెప్పినాడు గద అబ్బయా. ఒక్క మొగం వరకే..."

"అమ్మ మొక్కింది నేను బతకల్లని. కడగమనేదానికి ఈయప్ప ఎవురు?"

నాయన తువ్వాలు దించేశాడు. నేను వెనక్కి తిరిగి, ఆ వసారా పొడుగునా నూనెపాదాల గుర్తులు వేసుకుంటూ, మూసి ఉన్న ఆ తలుపు తోసుకుని గదిలోకి వెళ్ళాను. గొంతులో పెట్టుకుంటే అది తిట్టు కాదని జేజి చెప్పింది కదా. వేపమండ పైకెత్తాను.

"ఓరి పెద్దకుర్చీ పెద్దమనిసీ! నీ గంట మూగబోనూ! నీ కుర్చీకి చెద బట్టనూ! నీ గదికి తాళం బడి ఆ తాళంచెవి తాటిచెట్టెక్కనూ!"

చల్లటి ఆ గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ప్రిన్సిపాలు కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డాడు. బయట సోఫాలో ఒక పిల్లాడు పకపకా నవ్వాడు, వెంటనే ఎవరో వాడి తొడ గిల్లినట్టున్నారు, ఆ నవ్వు కీచుమని ఆగిపోయింది. వసారాలో నేల తుడుస్తున్న ఆయా మాత్రం గుడ్డ పక్కన పడేసి, "గంగమ్మ తల్లీ" అంటూ నాకు రెండు చేతులూ జోడించింది. మేము మెట్లు దిగి వచ్చేశాం.

అదే ఆటోలో నీలం టై బడికి పోయాం. మామ లోపలికి రానన్నాడు. హెడ్మాస్టరు వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్నాడు. పొట్టిగా, నల్లగా, చెవుల్లోంచి వెంట్రుకలతో ఉన్న ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏం వేసం?"

"బండవేసం సార్."

"ఊఁ." కాగితం నా వైపు తోసి, ఒక లెక్క చెప్పాడు. రెండు గొట్టాలు తొట్టి నింపుతుంటే ఒకటి ఖాళీ చేసే లెక్క. నేను రాస్తుంటే పెన్సిలు చేతిలో జారింది, కాగితం సగం ఎర్రబడింది. ఆయన ఆ మరకల మధ్యలోంచి అంకెలు వెతుక్కుని చదివి, కాగితం బల్లమీద పెట్టాడు.

"వేసం బాగుండాది. లెక్క తప్పు. జూన్లో రా, నేర్పిస్తా. మా బళ్ళో ఎండాకాలం గూడా క్లాసులుంటాయి, జాతరకు ఒక్క పూటే సెలవు. రెండో పూట ఒంటిమీద ఎరుపు కనపడితే బయట నిలబెడతా. ఇష్టమైతేనే రా."

నాకు ఆ మాట నచ్చింది. నా ముఖం చూసి చెప్పాడు కాబట్టి నచ్చింది. ఆ సాయంత్రం మా గడపలో కూర్చోబెట్టి అమ్మ నా నెత్తిన చెంబు చెంబు నీళ్ళు పోస్తుంటే, ఎర్రటి నీళ్ళు కాలువ కట్టి వీధిలోకి పారుతుంటే, జేజి పొద్దుటి కథ మొత్తం మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని, "తాటిచెట్టు గూడా అన్న్యావా?" అని అడిగి అడిగి, పొడుం ఎగజిమ్మేలా నవ్వింది.

కథ అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. జాతర ముగిసి, ఆనవాయితీ ప్రకారం గంగమ్మ మట్టి విగ్రహం చెంప పెకలించాక, ఇంటికి మంచిదని ఆ మట్టి కోసం జనం మీద పడి, చిటికెడు తెచ్చి దేవుడి గూట్లో పెట్టుకున్న మర్నాడు, మామ చిత్తూరు నుంచి మొదటి బస్సుకే వచ్చేశాడు. ఎర్ర టై బడి వాళ్ళు ఆయనకు ఫోను చేశారట. నా మార్కులు చూసి సీటు అట్టే పెట్టారట. నేను వెళ్ళి ప్రిన్సిపాలుకు సారీ చెబితే చాలట.

"ఒక్క మాట రా. నోరు తిరిగితే చాలు, నీ బతుకు తిరుగుతాది. ఆ పెంకుల బళ్ళో ఏముండాది? నాకెవురైనా ఇట్టాంటి సీటు ఇస్తామనుంటే కాళ్ళు గూడా పట్టుకునుంటా" అన్నాడు మామ. ఆయన చెడ్డవాడు కాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. "ఆ తిట్లు నావి గావు మామా, గంగమ్మవి. సారీ జెప్పల్లంటే ఆయమ్మనే పోయి జెప్పమను."

"సూసినావా బావా, వీడి పొగురు!"

అందరం నాయన వైపు చూశాం. ఆయన అప్పుడే అంగడికి బయల్దేరుతూ తాళాలగుత్తి చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఇక "అట్లే బావా" అనేస్తాడని నేను పళ్ళు బిగించాను. ఆయన గుత్తిని ఒకసారి అటూ ఇటూ తిప్పి, నెమ్మదిగా అన్నాడు. "ఇన్నేండ్లూ అంగట్లో అందరికీ అట్లే అట్లే అంటానే ఉండా బావా. ఆ పొద్దు ఆ కొళాయి కాడ గూడా అట్లే అన్న్యాను. బిడ్డ నా చెయ్యి పట్టుకోకుంటే వాళ్ళమ్మ మొక్కు నా చేత్తో నేనే కడిగేసేవోణ్ణి. వొద్దు. వాడు నీలం టై కట్టుకుంటాడు."

మామ కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. చాలా కాలం రాలేదు.

నీలం టై బడి నాకేమీ స్వర్గం కాలేదు. మొదటి వారంలోనే వేలికణుపుల మీద బెత్తం పడింది. తొట్టి నింపే గొట్టాల లెక్క ఒప్పు చేసేదాకా, రైళ్ళు పోయే చప్పుడు వింటూ ఆకలితో కూర్చున్నాను. మరుసటి ఏడు జాతర గురువారం, గుడికి పోయొచ్చి శుభ్రంగా కడుక్కుని రెండో పూట క్లాసుకు వెళితే, హెడ్మాస్టరు నా చెవి వంచి, వెనకాల ఎరుపు చూసి, అన్న మాట ప్రకారం ఎండలో నిలబెట్టాడు. నిలబడ్డాను. లోపల కూర్చున్న వాళ్ళకంటే ఎత్తుగా ఉన్నాననిపించింది. చివరికి ర్యాంకులేమీ రాలేదు. పశువైద్యం సీటు కూడా రెండోసారి రాస్తే గానీ దొరకలేదు. మామ రాకపోకలు మళ్ళీ మొదలైనాక, వచ్చినప్పుడల్లా నిట్టూర్చేవాడు. "ఎర్ర టై కట్టుకోనుంటే యాడో ఉండేవోడివి రా."

"ఈడే ఉండా గదా మామా. ఇంకా యాడుండల్ల?" అనేవాణ్ణి. నిజంగానే అడిగేవాణ్ణి. నాకు ఆవుల మెడలు నిమరడం ఇష్టం, ఈ పల్లెల దారులు ఇష్టం. ఆ బళ్ళో చేరి ఉంటే పెద్దవాణ్ణయ్యేవాణ్ణేమో. కాదని నేను వాదించను. అయ్యుండొచ్చు. అయినా వెళ్ళను.

ఇప్పుడు జేజి లేదు, నాయన లేడు. అంగడి ఉన్నచోట ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. వీధి వెడల్పు చేసినప్పుడు మా పాత గడప సగం పోయింది. నీలం టై బడి పెంకులు దించి, వేపచెట్టు కొట్టేసి, యాత్రికుల లాడ్జి కట్టారు. ఎర్ర టై బడి ఊరి బయటి గోడల వెనక్కి వెళ్ళిపోయి పేరు మార్చుకుంది, టై రంగు కూడా మార్చుకుంది. జాతర మాత్రం జరుగుతుంది, జనం ఇంకా ఎక్కువే. కానీ గురువారం పొద్దున మా వీధిలో నిలబడితే ముందు కనిపించేవి వేసవి క్లాసుల బస్సులు. కిటికీలకు ముఖాలు ఆనించి పిల్లలు వేషాలను చూసుకుంటూ పోతారు. జేజి కట్టిన తిట్లు తెలిసినవాళ్ళు ఆ వీధిలో అమ్మా, నేనూ తప్ప ఎవరూ మిగల్లేదు.

పెళ్ళిళ్ళలో, కర్మంతరాల్లో మామ తరఫు చుట్టాలు కలిసినప్పుడు ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుతారు. పక్కన కూర్చుని, విస్తరిలో పప్పు కలుపుకుంటూ, జాలిగా తల ఊపుతారు. "అంత మంచి బళ్ళో సీటొస్తే, ఆ ఒక్క సారీ జెప్పేసుంటే పొయ్యేది గదప్పా" అంటారు.

"చెప్పలేదప్పా" అంటాను. "ఇప్పుడు పిలిచి అడిగినా చెప్పను."